పాలకొల్లు పిల్లగాడు, కరెంటు మాండలిన్, మన తాత డోలు

పోస్టు పొడుగైంది, ఏమనుకోకండి. రాత్రి తిన్నంక మొదలుపెడితే పండుకునే లోపు అయిపోతది.

మన హాస్టల్ రూంల జరిగిన ముచ్చట కొందరికి తెలుసు, తెలువనోళ్ళ కోసం మళ్ళా చెప్తున్నం. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి ఈసారి మన సొంత మ్యూజిక్ ఉండాలె, ఎవరో చేసిన డీజే పాట వద్దు అని అనుకున్నం గదా. మాటలు కూడ వద్దు, వట్టి వాద్యాలే ఉండాలె అని అనుకున్నం. ఎందుకంటే మాల గోండి మాట్లాడెటోళ్ళు ఉన్నరు, కోలామి మాట్లాడెటోళ్ళు ఉన్నరు, మణుగూరు దిక్కు నుంచి వచ్చిన కోయ పిల్లలున్నరు, తండాల నుంచి వచ్చినోళ్ళున్నరు. ఒకరి పాటల మాట ఇంకొకరికి తెలువది. డోలు దెబ్బ మాత్రం అందరికీ తెలుస్తది.

ఎండకాలం సెలవులల్ల ఊరికి పోయినప్పుడు, ఒక పెండ్లిల డోలు కొట్టిన తాతను అడిగి, ఆయన దెబ్బను ఫోన్ల రికార్డు చేసుకొచ్చినం. ఇక్కడికొచ్చి యాప్ల వేసి, కింద బాస్, పైన సింథ్ పెట్టి రెండు నిమిషాల ట్రాక్ తయారు చేసినం. స్పీకర్ల పెడితే కింది ఫ్లోరోళ్ళు కూడ వచ్చి ఎగిరిన్రు. మాకు ఇంక కింద కాళ్ళు ఆనలె.

తర్వాత తాత దవాఖాన పనిమీద గోదావరిఖని వస్తే, బస్టాండుల కూసోబెట్టి, చెవులకు ఇయర్‌ఫోన్ పెట్టి వినిపించినం. తాత మొత్తం విన్నడు. "మంచిగనే ఉన్నది బిడ్డా. గని ఇది నా దెబ్బ గాదు" అన్నడు. గట్లెట్ల తాతా, నువ్వు కొట్టిందే అని అసలు రికార్డు కూడ వినిపించినం. "నేను నడుచుకుంట పోయిన. మీరు నన్ను పట్టాల మీదికి ఎక్కించిన్రు" అన్నడు.

తాత చెప్పింది అక్షరాల నిజం. యాప్‌ల ఒక బటన్ ఉంటది. అది నొక్కితే ప్రతి దెబ్బను గీతల పెట్టెల మీదికి జరుపుతది. కొంచెం ముందు పడ్డదాన్ని వెనుకకు, కొంచెం ఆలస్యంగ పడ్డదాన్ని ముందుకు. తాత ఎగిరెటోళ్ళ కాళ్ళు చూసుకుంట కొట్టిండు. ఆడపిల్లలు వరుస తిరిగే కాడ జర ఆగిండు, మళ్ళా ఉరికించిండు. మేము ఆ ఆగుడును "తప్పు" అనుకొని దిద్దినం.

ఆ రాత్రి రూంల రెండు పార్టీలైనయి. "కరెంటు పెట్టె తగిలితే మన వాద్యం సచ్చినట్టే, వట్టి డోలే పెడదాం" అని ఒక పార్టీ. "కాలంతోని పోవాలె, తాత ఒక్కని కోసం ఆపుతమా" అని ఇంకో పార్టీ. మేము రెండు దిక్కుల మాటలూ విన్నం, రెండూ సగం సగమే అనిపించినయి. ఎందుకంటే ఈ పంచాయితీ మనతోని మొదలు కాలె. మనకంటె చాన ముందు, కరెంటు వాద్యాన్ని చేతికి తీసుకొని, దాన్ని తన సంగీతానికి తగ్గట్టు మార్చుకున్న తెలుగు పిల్లగాడు ఒకడున్నడు. ఆ చరిత్ర లైబ్రరీలనూ ఫోన్లనూ వెతికి చదివినం. అందుకే ఈ పోస్టు.

ఆయన పేరు ఉప్పలపు శ్రీనివాస్. మాండలిన్ శ్రీనివాస్ అంటే మన అమ్మానాన్నల వయసోళ్ళకు రేడియోలో, టీవీలో విన్న గుర్తుంటది. 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టారు. మన దగ్గర పారే గోదారే అక్కడికీ పోతది, మనం పైన, వాళ్ళు కింద. తండ్రి సత్యనారాయణ సంగీతం నేర్చుకున్న మనిషి. పిల్లగాడు ఆరేళ్ళ వయసులో మాండలిన్ మీద మోజు పడ్డడు. తండ్రి అది చూసి కొత్త మాండలిన్ కొనిచ్చి తనే మొదలుపెట్టించిండు. తర్వాత ఆ తండ్రికి పాఠం చెప్పిన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు ఈ పిల్లగాన్ని కూడ శిష్యునిగ తీసుకున్నరు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు.

ఇక్కడ మాకు బాగ నచ్చిన విషయం ఒకటుంది. సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించుడు రాదు. ఆయన పాడేది, పిల్లగాడు విని అదే మాండలిన్ మీద పలికించేది. అంటే వేలు ఎక్కడ పెట్టాలె, తీగ ఎట్ల మీటాలె అని చెప్పెటోడు ఎవరూ లేరు. కర్ణాటక సంగీతంల మాండలిన్‌కు అప్పటికి ఒక బాట అంటూ లేదు. గొంతు ఎట్ల పోతే వాద్యం అట్ల పోవాలె అనే ఒక్కటే రూలు. మన ఊర్లల్ల డోలు, పెప్రె నేర్చుకునేది కూడ గిట్లనే గదా. పుస్తకం లేదు, నోటు లేదు. విని, చూసి, చేతికి తెచ్చుకోవాలె.

అయితే మాండలిన్ అట్ల సులువుగ లొంగే వాద్యం కాదు. అది ఇటలీ నుంచి వచ్చింది. సినిమా పాటలల్ల దాన్ని అప్పటికే వాడుతున్నరు గని, టింగు టింగు మని మెరుపు కోసమే. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలుంటయి, రెండేసి చొప్పున నాలుగు జతలు. మెడ మీద ఇనుప మెట్లుంటయి. ఒక మెట్టు కాడ నొక్కితే ఒక స్వరం, పక్క మెట్టు కాడ నొక్కితే ఇంకో స్వరం. నడుమ ఏముండదు. మన సంగీతమంతా ఆ నడుమనే ఉంటది. కర్ణాటక సంగీతంల దాన్ని గమకం అంటరు. స్వరాన్ని ఊపుడు, జార్చుడు, ఒకదాని మీది నుంచి ఇంకోదాని మీదికి పాకించుడు. మన పెప్రె వాయించే పెద్దమనిషి ఊపిరితోని స్వరాన్ని ఎట్ల వంచుతడో గుర్తు తెచ్చుకోండి, అదే. మెట్ల వాద్యం మీద అది కావాలంటే తీగను పక్కకు గుంజాలె. రెండు తీగలను ఒకేసారి సమంగ గుంజుడు కష్టం. ఇంకో కష్టం, మాండలిన్ మీటంగనే చప్పుడు తొందరగ ఆగిపోతది. స్వరం బతికి ఉంటెనే గదా వంచేది.

శ్రీనివాస్ ఏం చేసిన్రంటే, ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకొని, జతల తీగలను తీసేసిన్రు. ఎనిమిది తీగలు పోయి, ఐదు ఒంటి తీగలు వచ్చినయి. ఒంటి తీగ కాబట్టి గుంజితే వంగుతది. ఐదో తీగ కాబట్టి కింది స్థాయి కూడ దొరుకుతది. పికప్ ఉంది కాబట్టి మీటిన స్వరం ఎక్కువసేపు నిలబడుతది. వాద్యం ఇట్ల ఉంది కాబట్టి రాగాన్ని తగ్గించుకుందాం అనుకోలె. రాగానికి ఏం కావాలెనో చూసుకొని వాద్యాన్ని మార్చిన్రు.

పికప్ అంటే ఏందో సైన్సు చదివెటోళ్ళకు ఒక్క ముక్కల చెప్తం. అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్ట. పైన ఉక్కు తీగ వణికితే అయస్కాంత క్షేత్రం కదులుతది, రాగి చుట్టల చిన్న కరెంటు పుడుతది. ఆ కరెంటును ఆంప్లిఫయర్ పెంచి స్పీకరుకు ఇస్తది. 1831ల ఫారడే కనిపెట్టిన సూత్రమే. ఇప్పుడు మన కిటికీల నుంచి ఎన్టీపీసీ పొగగొట్టాలు చూడండి. అక్కడ కూడ బొగ్గు మండించి, నీళ్ళను ఆవిరి చేసి, టర్బైన్ తిప్పి, అయస్కాంతాన్ని రాగి చుట్టల నడుమ తిప్పుతరు. సూత్రం ఒకటే, సైజే తేడ. ఒకటి 2600 మెగావాట్ల ప్లాంటు, ఇంకోటి అరచేతిల పట్టే ముక్క.

అందుకే "కరెంటు మనది కాదు, బయటిది" అన్న మాట మాకు మింగుడు పడదు. సింగరేణి అనే పేరే ఇల్లెందు పక్కన ఊరి పేరు. అక్కడ 1889ల బొగ్గు తవ్వుడు మొదలైంది. కంపెనీకి సింగరేణి కాలరీస్ అన్న పేరు 1920ల వచ్చింది. ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు, బెల్లంపల్లి, ఏ దిక్కు చూసినా మన తాతలు తిరిగిన అడవులే. బొగ్గు ఆ నేల కింది నుంచే వచ్చింది, కరెంటు ఆ బొగ్గు నుంచే వచ్చింది. కరెంటుల మన వాటా గురించి వేరే పోస్టు రాయాలె, ఇక్కడ వద్దు. స్పీకరుకు పోయే కరెంటును చూసి మనం భయపడే పని లేదని మాత్రం చెప్తున్నం.

మళ్ళా శ్రీనివాస్ దగ్గరికి వద్దాం. 1978ల గుడివాడ త్యాగరాజ ఉత్సవాలల్ల మొదటి కచేరీ. అప్పటికి తొమ్మిదేళ్ళు. కుటుంబం మద్రాసుకు మారింది. 1981ల అక్కడ డిసెంబరు సీజన్ల వాయించిండు. ఇక విమర్శలు మొదలైనయి. ఇది పాశ్చాత్య వాద్యం, అందుల కరెంటుది, దీనిమీద త్యాగరాజ కృతులేంది అని. ఆ విమర్శ చేసినోళ్ళు ఒకటి మర్చిపోయిన్రు. కర్ణాటక కచేరీల పక్కన కూసునే వయొలిన్ కూడ యూరప్ నుంచి వచ్చిందే. 19వ శతాబ్దం మొదట్ల మన దక్షిణాది విద్వాంసులు దాన్ని చేతికి తీసుకున్నరు. అక్కడోళ్ళు నిలబడి గదవ కింద పెట్టుకుంటే, ఇక్కడోళ్ళు కింద కూసుండి, దాని కొనను కాలి చీలమండ మీద ఆనించి వాయిస్తరు. ఎందుకంటే మెడ మీద చెయ్యి సులువుగ జారాలె, గమకం పలకాలె. కూసునే తీరు మార్చి వాద్యాన్ని సొంతం చేసుకున్నరు. విజయనగరంల ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కాలం వచ్చేసరికి అది పరాయి వాద్యమని ఎవరికీ గుర్తు కూడ లేదు. శ్రీనివాస్ విషయంల అంత కాలం పట్టలె, పదేండ్లల్లనే అయిపోయింది.

1983ల బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌ల వాయించిండు. వయసు పద్నాలుగు. మన హాస్టల్ల తొమ్మిదో తరగతి పిల్లగాడంత. జాజ్ వినడానికి వచ్చిన జర్మనీ జనం ముందల, స్టేజీ మీద బాసంపట్టు వేసుకొని కూసుండి త్యాగరాజును వాయించిండు. జనం ఇంకా కావాలని పట్టుబట్టిన్రట. ఇదే 1983ల మన రామగుండం ఎన్టీపీసీ మొదటి యూనిట్ నడుసుడు మొదలైంది. దీనికీ దానికీ ఏం సంబంధం లేదు, ఊరికే తేదీలు పక్కపక్కన కనబడితే రాసినం.

ఇక్కడ జర బొంబాయికి పోవాలె. ఎందుకంటే మన రెండో పార్టీ వాదన, అంటే "మెషినును మెషిను లెక్కనే వాడుదాం, తప్పేంది" అనే వాదనకు కూడ ఒక గట్టి మనిషి ఉన్నడు. ఆయన పేరు చరణ్‌జీత్ సింగ్. సినిమా ఆర్కెస్ట్రాలల్ల గిటారు, కీబోర్డులు వాయించేటాయన. శంకర్-జైకిషన్, ఆర్.డి. బర్మన్ లాంటోళ్ళ పాటల వెనుక వాయించిన మనిషి. పాట హిట్టయితే హీరో పేరు, సింగర్ పేరు, మ్యూజిక్ డైరెక్టర్ పేరు వస్తది. వెనుక వాయించినాయన పేరు ఎవరికీ తెలువది. అసొంటాయన 1982ల తన పేరు మీద ఒక ఎల్పీ రికార్డు తీసిండు. పేరు 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. పాట లేదు, మాట లేదు, వేరే వాద్యకారులు లేరు. జపాన్ కంపెనీ రోలండ్ చేసిన మూడు పెట్టెలు, ఒక మనిషి. జూపిటర్-8 అనే సింథ్ మీద రాగం, టీబీ-303 మీద బాస్, టీఆర్-808 మీద తాళం. పది రాగాలు.

అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలె. ఐదేండ్ల తర్వాత, 1987ల, అమెరికాల చికాగో పిల్లలు అదే 303 పెట్టెతోని చేసిన మ్యూజిక్‌కు ఆసిడ్ హౌస్ అని పేరొచ్చింది. ప్రపంచమంత దానికి ఎగిరింది. చరణ్‌జీత్ సింగ్ రికార్డును యూరప్‌ల కొందరు వెతికి పట్టుకొని 2010ల మళ్ళా వేసిన్రు. అప్పుడు గని లోకానికి తెలువలె, బొంబాయిల ఒకాయన ఈ చప్పుడు ముందే చేసిండని. ముసలితనంల విదేశాలకు పోయి స్టేజీల మీద వాయించిండు. 2015ల పోయిండు.

మేము ఆ ఆల్బమ్ మొత్తం విన్నం. రాగం మాత్రం నిజంగ జారుతది, పాకుతది. ఎందుకంటే ఆ సింథ్‌ల ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ఏర్పాటుంది, ఆయన దాన్ని బాగ పట్టుకున్నడు. తాళం మాత్రం మొదటి నుంచి చివరి దాక ఒక్క తీరే. 808 పెట్టె మీద పదహారు బటన్లుంటయి. ఒక చుట్టును పదహారు ముక్కలు చేసి, ఏ ముక్కల దెబ్బ పడాలెనో బటన్ నొక్కి చెప్పాలె. ఒక లైటు వరుసగ ఎలుగుకుంట పోతది. పదహారింటి నడుమ ఇంకో జాగ లేదు. మన ఫోన్ యాప్‌ల "808" అని ఉన్న చప్పుడు ఆ పెట్టెదే, మనం తాత డోలును జరిపింది కూడ ఆ పదహారు గదుల మీదికే. నలభై ఏండ్ల కింద ఒక ఫ్యాక్టరీల వేసిన గీతలు, ఆసిఫాబాద్ దిక్కు డోలును దిద్దుతున్నయి.

చరణ్‌జీత్ సింగ్‌కు అది సమస్య కాదు, ఆయనకు డిస్కో తాళమే కావాలె, టైటిల్ల చెప్పే పెట్టుకున్నడు. ఆయనను తప్పు పట్టుడు లేదు. మాకు నచ్చిన ఆల్బమే అది. కాని మనకు ముఖ్యమైనది తాళమే. మన వాద్యాలల్ల రాగం కంటె దెబ్బది పెద్ద పాత్ర. ఆయన వదులుకోగలిగింది మనం వదులుకోలేం.

ఇప్పుడు 1994, 95 సంగతి. ఇంగ్లండ్‌ల బాక్స్ అనే పల్లెటూరి దగ్గర రియల్ వరల్డ్ అనే స్టూడియో, రికార్డు కంపెనీ ఉన్నయి. పీటర్ గాబ్రియెల్ అనే రాక్ గాయకుడు పెట్టింది. 1994ల ఆ కంపెనీ శ్రీనివాస్‌ది 'రామ శ్రీరామ' అనే రికార్డు వేసింది. పూర్తి కర్ణాటక పద్ధతి. మరుసటి ఏడాది, 1995ల, అదే కంపెనీ నుంచి 'డ్రీమ్' వచ్చింది. ఇది పూర్తిగ వేరే. కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తోని కలిసి చేసింది, ఇద్దరి పేర్లూ దాని మీద ఉంటయి. కృతి అనేది ఉండదు. మబ్బు లెక్క నెమ్మదిగ కదిలే ఎలక్ట్రానిక్ చప్పుడు, దాని మీద మాండలిన్ ఉరుకుడు.

బ్రూక్ ఎవరంటే, ఆయన కూడ వాద్యాన్ని మార్చుకున్న మనిషే. గిటారు మీటితే చప్పుడు కాసేపట్ల సచ్చిపోతది గదా. ఆయన తీగ నుంచి వచ్చిన కరెంటును మళ్ళా తీగ దగ్గరికే పంపి, దాన్ని వణుకుతనే ఉంచే ఏర్పాటు చేసిండు. దాన్ని ఇన్ఫినిట్ గిటార్ అంటరు, అంటే ఆగని గిటారు. యూ2 అనే ఐర్లండ్ బ్యాండు 1987ల దాన్ని ఒక పెద్ద హిట్ పాటల వాడింది. అంటే 'డ్రీమ్'ల స్వరాన్ని నిలబెట్టడానికి తంటాలు పడ్డోళ్ళు ఇద్దరు ఒక చోట కూసున్నరు. ఒకాయన తీగలు తీసేసిండు, ఒకాయన తీగకు తిరిగి కరెంటు పెట్టిండు. అందుకే మాండలిన్ అందుల అతుకు పెట్టినట్టు ఉండదు. మెషిను దాని పని అది చేస్తది, మాండలిన్ ఎక్కడ ఆగాలెనో అక్కడ ఆగుతది, ఎక్కడ ఉరకాలెనో అక్కడ ఉరుకుతది. శ్రీనివాస్ గమకం ఒక్కటి కూడ తగ్గించుకోలె. నిజం చెప్పాలంటే, మొదటిసారి పెట్టినప్పుడు మాల సగం మందికి బోరు కొట్టింది, ఇద్దరు నిద్రపోయిన్రు. రెండోసారి లైటు బంద్ చేసి వింటే వేరే తీరు వినబడ్డది.

తర్వాత శ్రీనివాస్ ఒక బ్యాండుల సభ్యుడైన్రు. ఇంగ్లండ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్ 1970లల్ల నడిపిన 'శక్తి' బృందం 1990ల చివర్ల 'రిమెంబర్ శక్తి' పేరుతోని మళ్ళా లేచింది. అందుల శ్రీనివాస్, ఘటం విక్కు వినాయకరామ్ గారి కొడుకు సెల్వగణేశ్, పాటకు శంకర్ మహదేవన్ చేరిన్రు. మెక్‌లాఫ్లిన్ కథ కూడ ఇక్కడ చెప్పాలె. మొదటి 'శక్తి' కాలంల ఆయన తన గిటారు మెడ మీద మెట్ల నడుమ కర్రను గుంతలు పడేటట్టు చెక్కించిండు, తీగను లోపలికి నొక్కి వంచడానికి. వీణ మీద తీగ గుంజినట్టు. పక్కన శ్రుతి కోసం అదనపు తీగలు పెట్టించిండు. దొర కూడ మన సంగీతం వాయించాలంటే తన వాద్యాన్ని కోసుకున్నడు.

2008ల శ్రీనివాస్ 'సంజనిత' అనే సొంత ఆల్బమ్ తీసిన్రు. 1998ల పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబర్ 19న చెన్నైల కన్నుమూసిన్రు. 45 ఏండ్లే. తమ్ముడు రాజేశ్ కూడ మాండలిన్ విద్వాంసుడే.

ఇంతా చదివి, మన దగ్గరికి వచ్చి చూస్తే ఒక తేడ కనబడుతది. శ్రీనివాస్ దగ్గర మాండలిన్ కొత్తది, సంగీతం పాతది. ఆ సంగీతం పుస్తకాలల్ల ఉంది, సభలున్నయి, ఉత్సవాలున్నయి, వాద్యం మారినా కృతి ఎక్కడికీ పోదు. మనకు రాసిపెట్టింది ఏంలేదు. పర్ర, గుమేల, తుడుం, పెప్రె, కాలికోం, పర్ధాన్ల కిక్రి, కోయోళ్ళ డోలి, అన్నీ పెద్దమనుషుల చేతులల్లనే ఉన్నయి. 2024ల ఒక్క ఏడాదిల ఇద్దరు పెద్దోళ్ళు పోయిన్రు. మణుగూరు దగ్గర కూనవరం సకిని రామచంద్రయ్య గారు, డోలి కొట్టుకుంట సమ్మక్క సారలమ్మ కథ చెప్పినాయన, 2022 పద్మశ్రీ. మార్లవాయి కనకరాజు గారు, గుస్సాడి నేర్పినాయన, 2021 పద్మశ్రీ. అదే మార్లవాయిల 1940లల్ల హైమెండార్ఫ్ దొర ఉండి మన తాతల ఫోటోలు, ఫిలిములు తీసిండు. ఆ ఫోటోలు, ఫిలిములు ఇప్పుడు లండన్‌ల సోయస్ అనే కాలేజీల ఉన్నయి. మన దెబ్బను మనం మన చేతితోని రికార్డు చేసి దాచింది ఎంత? ఫోన్ నిండితే డిలీట్ కొట్టేటివే అన్ని.

కాబట్టి ఆ బటన్ నొక్కుడు చిన్న తప్పు కాదు. పాత రికార్డు ఎవరి దగ్గర లేకుండ పోయి, మన ట్రాక్ ఒక్కటే మిగిలిందనుకోండి. ముప్పై ఏండ్ల తర్వాత మన పిల్లలు అది విని, డోలు ఇట్లనే కొడతరని నేర్చుకుంటరు. తాత ఆగిన కాడ ఆగుడు ఎవరికీ తెలువది.

మేము మళ్ళా పని మొదలుపెట్టినం. ఈసారి ముందు తాత డోలు పెట్టినం, గీతలు బంద్ చేసినం. దాన్ని ముట్టుకోవద్దని రూలు పెట్టుకున్నం. బాస్‌ను మెషినుకు చెప్పకుండ, డోలు వినుకుంట చేత్తోనే ఫోన్ మీద కొడుతున్నం. మూడు రాత్రులు తిప్పలైంది. ఆడపిల్లలు వరుస తిరిగే కాడ తాత ఆగుతడు గదా, అక్కడ మేము ప్రతిసారి ముందే పడిపోతున్నం. పట్టాలకు అలవాటు పడ్డది తాత కాదు, మనమే. నాలుగో రాత్రి, మాల పెండ్లిలల్ల ఎగిరి అలవాటున్న పిల్లగాన్ని లేపి, నువ్వు ఎగురు అన్నం. వాని కాళ్ళు చూసుకుంట కొడితే కుదిరింది. సింథ్‌ల కూడ కీబోర్డు పన్నెండు మెట్లు ఒప్పుకోకుండ, స్వరాన్ని వంచే చక్రం వాడుతున్నం. పెప్రె పోయే కాడికి అది ఇంకా పోతలేదు, ఉన్నదున్నట్టు చెప్తున్నం. ఫస్ట్ ఫ్లోరోళ్ళు విని "పాతదే మంచిగ ఎగిరేటట్టు ఉండె" అన్నరు. అది కూడ రాస్తున్నం, దాచుడెందుకు.

దీపావళి దండారిల కూడ రికార్డు చేద్దాం అని కొందరు అన్నరు. దానికి మాది ఒక్క మాట. దండారి వాద్యాలకు పూజ ఉంది, కట్టుబాట్లున్నయి. పటేల్‌ను, పెద్దలను అడిగి, వాళ్ళు ఒప్పుకున్నది మాత్రమే తీయాలె, వద్దన్నది తీయొద్దు. ఎవరు వాయిస్తే వాళ్ళ పేరు ముందల పెట్టాలె. చరణ్‌జీత్ సింగ్ ఎన్ని పాటల వెనుక పేరు లేకుండ ఉన్నడో చదివినంక ఇది ఇంకా గట్టిగ అనిపించింది. ట్రాక్ మీద తాత పేరు మొదట, మన గ్రూపు పేరు తర్వాత. పేరు వద్దు అని తాత అంటే ఊరి పేరు.

ఈ ఆదివారం మాల ముగ్గురం మంచిర్యాల పోయి అక్కడి నుంచి ఆసిఫాబాద్ బస్సు ఎక్కుతున్నం. కొత్త ట్రాక్ తాతకు వినిపించాలె. ఈసారి ఇయర్‌ఫోన్ల కాదు, ఒక చిన్న స్పీకర్ కావాలె, తాత ఇంటి ముందల పెడితే పక్కింటోళ్ళు కూడ వింటరు. ఛార్జింగ్ ఎక్కువసేపు ఆగేది ఎవరి దగ్గరనన్న ఉంటే శనివారం సాయంత్రం లోపు రూంకు తెచ్చియ్యండి. అటు దిక్కు ఊర్లల్ల పెప్రె వాయించే పెద్దమనిషి మీకు తెలిసి ఉంటే ఊరి పేరు చెప్పండి, వచ్చేటప్పుడు పోయి కలుస్తం.